కూసున్న గుండు, నిలవడ్డ గుండు

వనపర్తి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



ఇది ఖిల్లా ఘణపూర్ కోట గుట్ట మీది గుండ్ల గురించి రాస్తున్న ఉత్తరం. పింఛన్లు, పట్టాలు, సాగునీళ్ల అర్జీల మధ్య ఇదేం గోల అనిపించవచ్చు. ఎవరికీ ఏమీ కాలేదు. ఏ ఇల్లూ కూలలేదు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఏమీ కాకముందు రాస్తేనే పనికొచ్చే ఉత్తరం కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు సర్కారు బళ్లలో సాంఘికం చెప్పాను. భూస్వరూపాల పాఠం వచ్చినప్పుడల్లా హిమాలయాల్లో కొండచరియలు ఎందుకు విరిగిపడతాయో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. కిటికీలోంచి కనిపించే మన గుట్ట వైపు మాత్రం ఒక్కనాడూ వేలు చూపించలేదు. కొండలంటే అక్కడెక్కడో ఉంటాయి, మనవి గుట్టలు అనుకున్నాను. ఈ ఉత్తరంలో సగం ఆ తప్పు దిద్దుకోవడానికే.

ఖిల్లాను మీరు చూసే ఉంటారు. రెండు గుట్టలను గోడతో కలిపి కట్టిన కోట. 13వ శతాబ్దంలో గోన గణపరెడ్డి కట్టించాడనీ, కాకతీయ గణపతిదేవుడి పేరు పెట్టాడనీ చెబుతారు. కింద గణపసముద్రం చెరువు. ఊరికి వచ్చినవాళ్లంతా కోట గోడ ఎత్తు చూసి ఆశ్చర్యపోయి, ఫోన్లో ఫొటో తీసుకుని దిగిపోతారు. గోడను కొంచెం తీరికగా చూడాలి. అది గుండ్లను తప్పించుకుని పోలేదు, కలుపుకుని పోయింది. కొన్నిచోట్ల గుండే గోడ. ఎనిమిది వందల ఏళ్ల కింద ఆ పని చేసిన మేస్త్రీలు ఏ గుండు మీద బరువు పెట్టవచ్చో, దేన్ని వదిలేయాలో చూసుకునే కట్టి ఉంటారు. కదిలే గుండును నమ్ముకుని ఎవరూ కోట కట్టరు. ఆ చదువు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో పోయిన ఎండాకాలం నాకు తెలిసింది.

ఒక గొల్ల పెద్దాయనతో గుట్ట ఎక్కాను. వయసులో నాకంటే పెద్ద. అయినా నాకంటే ముందే ఎక్కి, నీడలో కూర్చుని బీడీ ముట్టించి నాకోసం చూస్తున్నాడు. నేను ఆయాసపడుతూ వెళ్లి పక్కనే ఉన్న ఇంకో గుండుకు వీపు ఆనించబోతే చెయ్యి పట్టి గుంజాడు.

“ఆడ గాదు సారూ. గది నిలవడ్డ గుండు. ఇటు రా, గిది కూసున్నది.”

రెండూ నా కంటికి ఒక్కలాగే ఉన్నాయి. అడిగితే చెప్పాడు. “గుండ్లు మూడు తీర్లు సారూ. కూసున్నయి, నిలవడ్డయి, ఆనుకున్నయి. కూసున్నది పిడుగు వడ్డా లేవది. నిలవడ్డది యాడికన్న పోవాల్నని సూస్తుంటది. ఆనుకున్నదాన్ని మటుకు నమ్మొద్దు. అది పక్కదాని మీద బతుకుతుంటది.”

అడుగు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటే కూర్చున్నట్టు. అడుగు ఇరుకై ఎత్తు ఎక్కువైతే నిలబడ్డట్టు. అది ముందుకు తూలి పడుతుంది. ఇంకో రాయి ఊతంతో వాలు మీద ఆగినది ఆనుకున్నట్టు. ఊతం జారిన రోజు రెండూ కలిసి దొర్లుతాయి. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో దీనికి లెక్కలు, బొమ్మలు, బాణం గుర్తులు ఉంటాయి. గొర్లు కాసే మనిషి మూడు మాటల్లో చెప్పాడు.

ఆయన నన్ను ఒక ఆనుకున్న గుండు దగ్గరికి తీసుకుపోయాడు. నేను టేపు పెట్టి కొలిచాను. అన్ని వైపులా ఆరడుగుల పైమాటే, అంటే సుమారు రెండు మీటర్లు. గ్రానైట్ ఘనపు మీటరుకు 2.6 నుంచి 2.7 టన్నులు తూగుతుంది. మూలలు గుండ్రంగా అరిగినందుకు కొంత తీసేసినా పదిహేను టన్నులకు తగ్గదు. నిండా జనం ఎక్కిన ఆర్టీసీ బస్సంత బరువు. దాని కింద అడ్డంగా ఇరుక్కుని ఉన్నది చెంబంత రాయి. ఆ రాయి కింద పిడికెడు మొరం, ఆ మొరంలోకి పోయిన ఒక సీతాఫలం చెట్టు వేరు. అంతే. పెద్దాయన మొరంలో పడ్డ సందులోకి చెయ్యి పెట్టి చూపించాడు.

“ముసురు వట్టిన్నాడు గీడికెల్లి నీళ్లు కారుతయి. మొరం తిన్నది. పోయినేడు నా ఏలు వట్టలే. ఇప్పుడు సెయ్యి వడుతది.”

పరికరాలు బిగించి, ఏడాదికోసారి వచ్చి, అంకెలు రాసుకుని శాస్త్రవేత్తలు చేసే పని ఇదే. ఈయన దగ్గర కొలబద్ద వేలు, చెయ్యి. కొలతలు రాసి పెట్టినవాళ్లు లేరు. ఆయన తర్వాత ఆ గుట్ట మీదికి గొర్లు తోలేవాళ్లు ఆయన ఇంట్లో లేరు. కొడుకులిద్దరూ హైదరాబాదులో పని చేస్తున్నారు.

ఈ గుండ్లు ఎక్కడి నుంచో వచ్చి పడ్డవి కావు. మన కింద ఉన్న గ్రానైట్‌కు దాదాపు 250 కోట్ల ఏళ్లు. నేల లోపల ఉన్నప్పుడే దానికి నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగి, మూలలు ముందుగా మెత్తబడి మొరం అయ్యాయి. మధ్యలో గట్టి భాగం గుండుగా మిగిలింది. పైన మొరం వానలకు కొట్టుకుపోతే గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బయటపడ్డాయి. అంటే మన గుట్టల్లో చాలా గుండ్లు కొంత మొరం మీద నిలిచి ఉన్నాయి, ఆ మొరం పోతూనే ఉంది. ఇళ్ల పునాదులకూ, రోడ్లకూ గుట్ట అడుగున మొరం తవ్వి ట్రాక్టర్లకు ఎత్తినప్పుడల్లా వాన వెయ్యేళ్లలో చేసే పనిని మనం ఒక మధ్యాహ్నంలో చేస్తున్నాం.

వాన ఒక్కటే కాదు, ఎండ కూడా. ఈ మాట నా తోటి మాస్టర్లకు చెబితే నవ్వారు. రాయి కొట్టే వడ్డెరోళ్లకు చెబితే నవ్వరు. పరుపు బండను లేపాలంటే వాళ్లు దాని మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు. మంటను కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ, సమ్మెటతో తట్టి చెవి పెట్టి వినేవాళ్లు. ‘ఖణ్’ మంటే ఇంకా అంటుకుని ఉన్నట్టు, ‘డొల్ల’ మంటే పొర విడిపోయినట్టు. మే నెలలో పొద్దంతా కాగి రాత్రికి చల్లారే బండకు మంట పెట్టేది సూర్యుడు. అమెరికాలో యోసెమిటీ లోయలో కాలిన్స్, స్టాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొండ ముఖాన వేలాడుతున్న ఒక గ్రానైట్ పొర వెనక పరికరాలు పెట్టి మూడేళ్లకు పైగా కొలిచారు. పగలు పొర బయటికి తెరుచుకుంటోంది, రాత్రి మూసుకుంటోంది, కాలం గడిచేకొద్దీ మాత్రం పూర్తిగా మూసుకోవడం లేదు. 2016లో ఆ ఫలితం అచ్చయింది. వానా, భూకంపమూ లేకుండా నడి ఎండలో బండ ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు అదొక జవాబు. పాలమూరు ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక పటాల సంగతి. మన దేశంలో కొండచరియల పటాలు లేవా అంటే, ఉన్నాయి, మంచివే ఉన్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014-15 నుంచి జాతీయ స్థాయిలో ఈ పని చేసింది. మంచు కప్పిన చోట్లు వదిలేస్తే దేశంలో 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే 12.6 శాతం నేల, కొండచరియలకు లోనయ్యేదని వాళ్ల లెక్క. అందులో ఈశాన్య హిమాలయాలు 1.8 లక్షలు, వాయవ్య హిమాలయాలు 1.4 లక్షలు, పశ్చిమ కనుమలు, కొంకణ్ 90 వేలు, అరకు వైపు తూర్పు కనుమలు 10 వేలు. కూడితే 4.2 లక్షలు సరిగ్గా సరిపోయింది. మన గుట్టలకు ఆ కూడికలో వరుసే లేదు.

ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2023లో దేశపు కొండచరియల అట్లాస్ తెచ్చింది. 1998 నుంచి 2022 దాకా సుమారు 80 వేల ఘటనలు, 17 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాల్లో 147 జిల్లాలకు ర్యాంకులు. మొదటిది రుద్రప్రయాగ్, రెండోది టిహ్రీ గఢ్వాల్. ఆ కేంద్రం ఉన్నది హైదరాబాదు బాలానగర్‌లో. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునే యాంటెనాలు షాద్‌నగర్‌లో. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా షాద్‌నగర్ మన మహబూబ్‌నగర్ జిల్లాలోదే. ఎక్కడో గఢ్వాల్‌లో కొండ జారితే ఆ బొమ్మ పాలమూరు నేల మీద దిగింది. మన గుట్ట బొమ్మ ఎక్కడా దిగలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. 1:50,000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. దేశమంతటికీ ఉచితంగా దొరికే ఎత్తుపల్లాల సమాచారంలో ఒక్కో గడి 30 మీటర్లు. మన ఆనుకున్న గుండు రెండు మీటర్లు. చెరువు చేపల వలతో దోమలు పట్టినట్టు ఉంటుంది. ఆ పటాలు కొండంత కొండ జారడాన్ని పట్టడానికి గీసినవి. మన దగ్గర కొండ జారదు, ఒక్కో గుండు దొర్లుతుంది.

మాస్టరును కదా, మార్కుల విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. పర్వత ప్రాంతాల్లో కొండచరియల ముప్పు పటాలు ఎలా తయారుచేయాలో భారత ప్రమాణాల సంస్థ 1998లోనే ఒక మార్గదర్శిని ఇచ్చింది. అది పదిమార్కుల పరీక్ష. రాతి రకానికి 2, రాతిలో పగుళ్ల తీరుకు 2, వాలుకు 2, నేల వాడకానికి 2, ఎత్తు తేడాకు 1, నీటి ఊటలకు 1. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ ప్రమాదం. 7.5 దాటితే అతి ప్రమాదం, 3.5 లోపైతే ప్రమాదం చాలా తక్కువ. ఈ పరీక్షలో గట్టి గ్రానైట్‌కు రెండింటికి 0.3 మార్కులే పడతాయి. మన గుట్టల ఎత్తు హిమాలయాల ముందు ఎంత, అక్కడా పెద్దగా మార్కులు రావు. ఇంక ఖిల్లా గుట్ట ‘ప్రమాదం తక్కువ’ గదిలోకి పోయి కూర్చునే వీలుంది. రాయి పాతబడి మెత్తబడితే మార్కులు రెండు మూడింతలు, ఇంకా ఎక్కువ కూడా చేయాలని అదే పద్ధతిలో సవరణ ఉంది. అది తెలియాలంటే ఎవరో ఒకరు గుట్ట ఎక్కి, గుండు కింద చెయ్యి పెట్టి చూడాలి.

పటంలో లేకపోవడం అంటే ఏమిటో మహారాష్ట్రలో చూశాం. రాయగఢ్ జిల్లాలో ఇర్షాల్‌గఢ్ అనే కోట ఉంది. దాని కింద ఇర్షాల్‌వాడి అనే చిన్న ఆదివాసీ గూడెం. 2023 జులై 19 రాత్రి కొండ విరిగి గూడెం మీద పడింది. 27 శవాలు దొరికాయి, 57 మంది దొరకనేలేదు. కొండచరియల ముప్పున్న ఊళ్ల జాబితాలో ఆ ఊరు లేదని మర్నాడు ప్రభుత్వమే చెప్పింది. అక్కడి రాయి వేరు, వాన వేరు. అక్కడిలా ఇక్కడ జరుగుతుందని నేను అనను. కోట కింద ఊరు, జాబితాలో పేరు లేదు అన్న రెండు మాటల దగ్గర మాత్రం నేను ఆ వార్తను రెండుసార్లు చదివాను.

పటంలో ఉన్నా చాలదని వయనాడ్ చెప్పింది. 2024 జులై 30 తెల్లవారుజామున చూరల్‌మల పైన విరిగిన చరియ 86 వేల చదరపు మీటర్లు, శిథిలాలు వాగు వెంట పారింది 8 కిలోమీటర్లు. ఈ లెక్క చెప్పింది మన బాలానగర్ కేంద్రమే. అదే చోట పాత చరియ ఒకటి జారిన గుర్తు 2023 అట్లాస్‌లో ఉందని కూడా వాళ్లే చెప్పారు. పుస్తకంలో ఉన్న చుక్క లోయలో నిద్రపోతున్నవాళ్ల దాకా రాలేదు.

దగ్గరగా చూసినా అంతే. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద 2020 అక్టోబర్ 21న, ముఖ్యమంత్రి రావడానికి కొన్ని గంటల ముందు బండలు పడ్డాయి. అదే ఊళ్లో మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. తిరుమల ఘాట్‌లో 2021 డిసెంబర్ 1న రోడ్డు మీదికి గుండ్లు దొర్లితే తర్వాత ఐఐటీ నిపుణులొచ్చి చూశారు. మన పక్క నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర 2025 ఫిబ్రవరి 22న ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. అది కొండచరియ కాదు, సంగతి వేరు. అయినా ఒకటి చెప్పాలి. బండ్లగూడ నుంచి జియలాజికల్ సర్వేవాళ్లు, ఉప్పల్ నుంచి ఎన్జీఆర్‌ఐవాళ్లు గంటల ప్రయాణంలో వచ్చారు. రాయిని చదవగలిగినవాళ్లు మనకు అంత దగ్గరలో ఉన్నారు. వాళ్లను మనం పిలిచేది ఎప్పుడూ మర్నాడే.

నల్లమల ఘాట్ గురించి రెండు ముక్కలు. శ్రీశైలం పోయే దారిలో వానాకాలం బండలు పడతాయని అందరికీ తెలుసు. ఆ రాయి వేరు. అది పొరలుగా ఉన్న క్వార్ట్‌జైట్, కింద మెత్తటి పలకరాయి పొరలు. కింది పొర ముందు అరిగిపోతే పైది చూరులా వేలాడి విరుగుతుంది. అక్కడి పటం గీసే తీరు ఇక్కడ పనికిరాదు, ఇక్కడిది అక్కడ పనికిరాదు. ఒక్క పద్ధతి అచ్చేసి జిల్లాలన్నిటికీ పంచితే తాసీల్దార్ల సంతకాలు తప్ప ఏమీ రావు.

నా సొంత కథ ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను. నేను నాలుగో తరగతిలో ఉండగా మా చెలకలోకి ఒక గుండు దొర్లింది. ముసురు పట్టిన రోజుల్లో కాదు. ముసురు విడిచి, రెండో రోజు ఎండ కాస్తుంటే. అమ్మ కందిచేనులో కలుపు తీస్తోంది. పైన చప్పుడు విని అందరూ అటు చూశారు, ఎవరూ పరుగెత్తలేదు. అంత పెద్దది కదులుతుంటే కాళ్లు రావని అమ్మ తర్వాత చెప్పింది. అది చేను మధ్యలో ఆగింది. మేక ఒకటి చచ్చింది. ఆ గుండును కదిలించడం చేతకాక మా నాయిన దాన్నే వెనక గోడ చేసుకుని పశువుల కొట్టం కట్టాడు. యాభై ఏళ్లు దాటినా ఆ కొట్టం ఉంది. దానికి అలవాటు పడిపోయి అది పైనుంచి వచ్చిందన్న సంగతే మరిచాం.

పోయిన దసరాకు మా మనవరాలు వచ్చినప్పుడు ఆ పిల్ల జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకుని, మధ్య రంధ్రానికి దారం కట్టి, దారానికి సైకిల్ నట్టు వేలాడదీశాను. ఎందుకంటే, దొర్లిన గుండ్లు ఎంత దూరం పోతాయో చెప్పే ఒక మోటు లెక్క ఉంది. ఇవాన్స్, హంగర్ అనే ఇద్దరు 1993లో చెప్పారు. గుట్టలో నిటారు భాగం ముగిసి రాళ్లకుప్ప ఎక్కడ మొదలవుతుందో అక్కడి నుంచి కిందికి సుమారు 27.5 డిగ్రీల కోణంలో గీత గీస్తే, ఆ గీత నేలను తాకిన చోటు దాటి గుండ్లు పోవడం అరుదు. ఆ గీత లోపలి జాగాను ‘నీడ’ అంటారు. సూటిగా చెప్పాలంటే, ఎత్తుకు దాదాపు రెండింతల దూరం. అరవై అడుగుల ఎత్తు నుంచైతే నూట ఇరవై అడుగుల దాకా నీడ.

కొట్టం దగ్గర నిలబడి కోణమానిని అంచు గుండా రాళ్లకుప్ప మొన వైపు చూశాను. మనవరాలు దారం ఆగిన గీత తొంభైకి ఎంత దూరమో చదివింది. 33. అంటే కొట్టం నీడలోనే ఉంది. చేను గట్టు దాకా నడిచి మళ్లీ చూశాం. 24. గట్టు బయటే ఉంది. మధ్యలో ఎక్కడో 27.5 దగ్గర పిల్ల ఒక కట్టె పాతింది. ఐదు రూపాయల కోణమానినితో ఒక పూటలో అయిన పని ఇది. దీన్నే శాస్త్రం అనుకుని ఇళ్లు ఖాళీ చేయించమని నేను అనను. ఎక్కడ సరిగ్గా కొలవాలో చెప్పడానికి మాత్రం ఇది చాలు.

ఎందుకంటే ముప్పు పటం అంటే మూడు ప్రశ్నలు ఒక కాగితం మీద ఉండటం. ఏ గుండు కదలొచ్చు? కదిలితే ఎక్కడి దాకా వస్తుంది? వచ్చే దారిలో ఏముంది? మొదటిది గొల్లాయనకు తెలుసు, భూగర్భ శాస్త్రవేత్తకు తెలుసు. రెండోది కోణమానినికి కొంత, కంప్యూటర్‌కు ఎక్కువ తెలుసు. మూడోది మీ దగ్గరే ఉంది, రెవెన్యూ రికార్డుల్లో. మేకలు తిరిగే బాట మీదికి దొర్లే పెద్ద గుండు కంటే అంగన్‌వాడీ పైన ఉన్న చిన్న గుండు ముఖ్యం. ఈ మూడు ప్రశ్నలూ ఇప్పటిదాకా ఒక బల్ల మీదికి రాలేదు.

ఈ పని చేసినవాళ్లు లోకంలో ఉన్నారు. హాంకాంగ్‌లో 1972 జూన్ 18న ఒక్కరోజే రెండు చోట్ల చరియలు జారి 138 మంది పోయారు. నాలుగేళ్లకు అందులో ఒకచోటే మళ్లీ జారి 18 మంది పోయారు. 1977లో దానికోసమే ఒక శాఖ పెట్టారు. ఇప్పుడు ఆ చిన్న ఊరిలో మనుషులు తవ్విన, కట్టిన వాలు ప్రతిదానికీ ఒక నంబరు ఉంది. సుమారు 60 వేల వాలులు. ఒక్కోదాని బాగోగులు ఎవరు చూడాలో రికార్డుంది. స్విట్జర్లాండ్‌లో ఊరి పటం మీదే ఎరుపు, నీలం, పసుపు రంగులు వేస్తారు. ఎరుపులో కొత్త ఇల్లు కట్టనివ్వరు. మనకు 60 వేలు అక్కర్లేదు. ఖిల్లా గుట్ట మీద ఊరి వైపు చూసే గుండ్లు ఎన్ని ఉంటాయి? కొన్ని వందలు. అందులో నిలవడ్డవీ, ఆనుకున్నవీ తీస్తే ఇంకా తక్కువ.

కలెక్టర్ గారూ, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరే. జిల్లాలో ఏ ప్రాంతం ఏ ఆపదకు లోనవుతుందో గుర్తించడం ఆ సంస్థ పని అని చట్టంలోనే రాసి ఉంది. వరద, కరువు, వడదెబ్బ, పిడుగు గురించి ఆలోచిస్తారు, ఆలోచించాలి కూడా. 2009 అక్టోబర్‌లో అలంపూర్ మునిగిన సంగతి మనం మరిచిపోలేదు. వాటి పక్కన ‘గుండ్లు’ అని ఒక మాట చేర్చండి.

చేర్చాక చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. బండ్లగూడకు ఒక ఉత్తరం రాసి ఇద్దరు భూగర్భ శాస్త్రవేత్తలను పదిరోజులకు అడగండి. 1:50,000 పటం వద్దు, 1:2,000 కావాలని అడగండి. ఆ స్కేలులో పని చేయడం వాళ్లకు కొత్త కాదు. డ్రోన్‌తో గుట్ట ఎత్తుపల్లాలు తీయించండి. వాళ్ల వెంట గొర్లు కాసేవాళ్లను, రాయి కొట్టేవాళ్లను కూలి ఇచ్చి పంపండి. దారి చూపించడానికి కాదు, మాట చెప్పడానికి. ఊరి వైపు ఉన్న ప్రతి అనుమానపు గుండు మీదా సున్నంతో నంబరు వేయించి, రిజిస్టరులో ఎదురుగా మూడింటిలో ఏ తీరో రాయించండి. సందులో వేలు పడుతుందో, చెయ్యి పడుతుందో రాయించండి. పగులు మీద అడ్డంగా చిటికెడు సిమెంటు పూసి తేదీ వేస్తే, అది చిట్లిన రోజు గుండు కదిలిందని బడి పిల్లాడు కూడా చెబుతాడు. నల్లటి బండ మీద కొత్తగా తెల్ల మచ్చ కనిపిస్తే అక్కడి నుంచి ఈమధ్యే ఏదో ఊడిందని అర్థం. ముసురు విడిచాక వారం రోజులు ఒక మనిషి వెళ్లి చూసి వస్తే చాలు.

నీడ గీతను ఊరి పటం మీద గీయించి ఆ పటాన్ని గ్రామపంచాయతీ గోడకు రంగులతో వేయించండి. ఫైల్లో పెడితే అది ఇంకో అట్లాస్ అవుతుంది. గీత లోపల కొత్తగా ఇళ్ల స్థలాలు ఇవ్వకండి, బడి గది కట్టకండి. అక్కడ ఇప్పటికే ఉన్నవాళ్లను తోలేయమని నేను అడగడం లేదు. పేదవాళ్లు గుట్ట అడుగున ఉంటున్నది ఇష్టపడి కాదు, ఊళ్లో జాగా లేక. వాళ్ల ఇంటి పైనున్న నాలుగు గుండ్లకు రాతి ఊతం కట్టించడం ఇల్లు మార్పించడం కంటే చవక. గుట్ట అడుగున మొరం తవ్వకాన్ని మాత్రం ఆపించాలి, అందులో మెతకదనం వద్దు.

ఒక భయం కూడా ఉంది నాకు. ఈ ఉత్తరం చదివి ఎవరైనా ‘ప్రమాదకరమైన గుండ్లను పేల్చేద్దాం’ అంటారేమోనని. దయచేసి ఆ మాట రానివ్వకండి. ఒకదాన్ని పేలిస్తే ఆ అదురుకు ఆనుకున్నవి ఎన్ని లేస్తాయో ఎవరికీ తెలియదు. పైగా ఇక్కడి గుండ్లలో కొన్ని కోట గోడే. రేపు పర్యాటకం పేరుతో మెట్లు, రెయిలింగ్, లైట్లు అంటూ పని మొదలైతే, ఆ కాంట్రాక్టు కాగితాల్లో మొదటి పేజీ ఈ పటం కావాలి. మెట్టు కోసం తీసే రాయి దేనికి ఊతమో చూసుకున్నాకే గడ్డపార వేయాలి.

ఖిల్లా ఘణపూర్‌తో ఇది మొదలైతే తర్వాత పానగల్ ఖిల్లా ఉంది. తీరు తెలిశాక రెండోది సులువు.

దసరా తర్వాత గుట్ట మీద గడ్డి ఎండి, రాయి బయటపడి, నడవడానికి దారి ఉంటుంది. సంక్రాంతి దాటితే బండ కాగడం మొదలవుతుంది. చూడదలిస్తే ఆ మధ్యే రండి. పొద్దున ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదింటికల్లా దిగిపోవచ్చు. మామూలు చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ఏ రోజో ఒక్క మాట ముందుగా చెబితే గొల్లాయనను నేను పిలుచుకొస్తాను. ఆయన ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చోండి.

ఇట్లు
ఖిల్లా ఘణపూర్ మండలానికి చెందిన
ఒక రిటైర్డ్ సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు